కిటికీ అద్దాలు తుడిచే పని – ఇంటి నీళ్ళ బిల్లు



ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు కళ్ళ చూద్దామంటే ఒకప్పుడు మనకి తోచేవి అప్పడాలు, వడియాలు, ఊరగాయలు, కుట్టుమిషను – అంతే కదూ! ఇప్పుడు హైదరాబాదులో ఏ వీధికి వెళ్ళినా అయిదంతస్తులు, పదంతస్తులు లేస్తున్నాయి. గోడ ఉండవలసిన చోట అద్దం ఉంటోంది. కట్టించుకునేటప్పుడు ముచ్చటగానే ఉంటుంది. ఆర్నెల్లు తిరిగేసరికి దుమ్ము, వాన చినుకుల మరకలు, పావురాల రెట్టలు. ఇంటావిడకి ఓపిక ఉండదు, పనిమనిషి "కిటికీలు నా వల్ల కాదమ్మా" అంటుంది. అందుకని ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, ఫోను మీద బేరాలు మాట్లాడుకుని, కిటికీ అద్దాలు తుడిపించే పనిని ఇంటి నుంచే నడుపుకోవచ్చు. ఎత్తు మేడలకి బయటి వైపు తాళ్ళ మీద వేలాడుతూ చేసే పని వేరు. అది శిక్షణ పొందినవాళ్ళే చెయ్యాలి. మనం మాట్లాడుకునేది గదిలోంచి, బాల్కనీలోంచి చేతికి అందే అద్దాల సంగతి.

దీనికి పెట్టుబడి ఎక్కువ అక్కర్లేదు. నాలుగు బక్కెట్లు, రబ్బరు వైపర్లు, పొడుగు కర్రలు, ఒక నిచ్చెన, మెత్తని గుడ్డలు ఓ రెండు డజన్లు. మనుషుల జీతం, ఆటో ఖర్చు, సబ్బు ఖర్చు అన్నీ లెక్క వేసుకుంటాం. వేసుకోనిది ఒక్కటే, నీళ్ళు. "నీళ్ళదేముందండీ, ఎలాగూ కుళాయి వస్తోందిగా" అంటాం. ఆ కుళాయికి బిల్లు వస్తుంది. ఆ బిల్లులో మన ఇల్లు ఏ తరగతిలో ఉందో రాసి ఉంటుంది. చిన్న వ్యాపారం లాభమో నష్టమో తేలడం ఒక్కోసారి ఆ ఒక్క మాట మీదే ఆధారపడుతుంది. అందుకని ఈవేళ నీళ్ళ బిల్లు గురించి చెప్పుకుందాం.

ముందు బిల్లు చేతిలోకి తీసుకోండి. హైదరాబాదులో మంచినీళ్ళు, మురుగునీళ్ళు రెండూ ఒకే సంస్థ చూస్తుంది. దాన్నే మనం వాటర్ బోర్డు అనీ, జలమండలి అనీ అంటాం. 1989లో చేసిన చట్టం కింద ఇది ఏర్పడింది. బిల్లు మీద మన కనెక్షన్‌కి ఒక నంబరు ఉంటుంది, క్యాన్ నంబరు అంటారు. ఆ పక్కనే కేటగిరీ ఉంటుంది – గృహమా, వాణిజ్యమా అని. ఆ తరువాత మీటరు పాత రీడింగు, కొత్త రీడింగు. రెండింటి తేడాయే మనం వాడిన నీళ్ళు. దాన్ని కిలోలీటర్లలో వేస్తారు. కిలోలీటరంటే వెయ్యి లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బక్కెట్లు అరవై ఆరు పైచిలుకు.

ఆ కింద రెండు పద్దులు కనిపిస్తాయి. ఒకటి నీటి ఛార్జీ. రెండోది మురుగునీటి సెస్. చాలామంది మొదటిది చూసి రెండోది వదిలేస్తారు. ఈ రెండోదానికి విడిగా మీటరేమీ లేదు. మన ఇంట్లోంచి డ్రైనేజీలోకి ఎంత పోయిందో ఎవరూ కొలవరు. డ్రైనేజీ కనెక్షన్ ఉన్న ఇళ్ళకి నీటి ఛార్జీ మీద నూటికి 35 వంతున సెస్ కడతారు. నీటి ఛార్జీ వంద రూపాయలైతే దాని మీద ఇంకో ముప్పై అయిదు. అంటే కుళాయి కింద ఒక బక్కెట్టు ఎక్కువ పడితే ఖర్చు ఒక చోట కాదు, రెండు చోట్ల పెరుగుతుందన్న మాట.

"వచ్చే నీళ్ళకి డబ్బు సరే, పోయే నీళ్ళకి కూడానా?" అని అడుగుతారు మీరు. వచ్చే నీళ్ళ సంగతి ముందు చూడండి. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్ ఊరి అంచునే ఉన్నాయి. ఊరు పెరిగాక అవి చాలలేదు. తరువాత మంజీర నుంచి తెచ్చారు. 2004 నుంచి కృష్ణా నీళ్ళు, 2015 నుంచి గోదావరి నీళ్ళు వస్తున్నాయి. కృష్ణా నీళ్ళని నాగార్జునసాగర్ వైపు నుంచి నూరు కిలోమీటర్లకి పైగా పంపులతో ఎత్తి తోడుకు రావాలి. పోయే నీళ్ళకీ అంత తతంగం ఉంది. వీధిలో మ్యాన్‌హోల్ మూత కింద మాయమైపోయినట్టే మనకి అనిపిస్తుంది గానీ, వాటిని పెద్ద గొట్టాల్లో నడిపించి, శుద్ధి చేసి, అప్పుడు మూసీలోకి వదలాలి. అంబర్‌పేటలో ఉన్న శుద్ధి కేంద్రం ఒక్కటే రోజుకి 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగునీటికి కట్టినది. మరి దీనికి కరెంటూ, మనుషులూ కావాలి కదా!

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 2021 జనవరిలో హైదరాబాదులో ఒక పథకం మొదలైంది. అప్పటి జి.హెచ్.ఎం.సి. పరిధిలోని గృహ కనెక్షన్లకి నెలకి 20 కిలోలీటర్ల దాకా నీళ్ళు ఉచితం. 2020 డిసెంబరు వాడకం నుంచే దీన్ని లెక్కలోకి తీసుకున్నారు. మురికివాడల ఇళ్ళకి సడలింపు ఉంది గానీ, తక్కిన ఇళ్ళకి పని చేసే మీటరు ఉండాలి, క్యాన్ నంబరుకి ఆధార్ జోడించాలి. అపార్ట్‌మెంట్లలో ఒక్కొక్క ఫ్లాటుకీ ఈ లెక్క వర్తిస్తుంది. గమనించండి, ఇది గృహ కేటగిరీకి మాత్రమే. వాణిజ్య కేటగిరీకి ఉచితం లేదు సరికదా, మొదటి లీటరు నుంచీ రేటు గృహ రేటుకి కొన్ని రెట్లు. సెస్ నీటి ఛార్జీ మీద శాతం కాబట్టి అదీ అన్ని రెట్లూ పెరుగుతుంది.

కాగితం, పెన్సిలు తీసుకోండి. మన ఇంటి వాడకం ఎంత? డ్రైనేజీ ఉన్న పట్టణాలకి మనిషికి రోజుకి 135 లీటర్లు కావాలని మన దేశంలో ఇంజనీర్లు వేసే లెక్క. నలుగురు ఉన్న ఇంటికి రోజుకి 540 లీటర్లు. ముప్పై రోజులకి 16,200 లీటర్లు, అంటే 16 కిలోలీటర్లకి కాస్త పైన. ఇరవైకి ఇంకా నాలుగు కిలోలీటర్ల లోపే మిగులుంది.

ఇప్పుడు కిటికీల పని కలుపుదాం. ఈ పని రెండు రకాలుగా చెయ్యవచ్చు. మొదటిది మన పాత పద్ధతి. మనుషులు ఖాళీ బక్కెట్లు పట్టుకుని వెళతారు. పని చేయించుకునేవాళ్ళ కుళాయిలోనే నీళ్ళు పట్టుకుంటారు. సబ్బు నీళ్ళతో తుడిచి, రబ్బరు వైపరుతో లాగి, పొడి గుడ్డతో అంచులు తుడుస్తారు. సాయంత్రం మురికి గుడ్డలు మాత్రం మన ఇంటికి వస్తాయి. వాటిని ఉతకడానికి ఓ 60 లీటర్లు, బక్కెట్లు, వైపర్లు కడగడానికి ఓ 40 లీటర్లు అనుకుందాం. రోజుకి 100 లీటర్లు. నెలకి పాతిక రోజుల పనికి 2,500 లీటర్లు. ఇంటి వాడకం 16,200కి ఇది కలిపితే 18,700. ఇరవై వేల లోపలే ఉన్నాం.

రెండోది యంత్రం పద్ధతి. మన నగరంలో బోరు నీళ్ళు చాలా చోట్ల కఠినం, ఉప్పు ఎక్కువ. ఆ నీళ్ళు అద్దం మీద ఆరితే తెల్లటి చుక్కలు కడతాయి. తుడిచింది తుడవనట్టే ఉంటుంది. అందుకని కొందరు ఇంట్లో పెద్ద ఫిల్టరు పెట్టుకుని, ఉప్పు తీసేసిన నీళ్ళు క్యాన్లలో నింపి బండి మీద తీసుకు వెళతారు. పని బాగానే ఉంటుంది. కానీ ఈ ఫిల్టరు ఒక లీటరు మంచినీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు పక్క గొట్టంలోంచి పారబోస్తుంది. రోజుకి 100 లీటర్లు తీసుకు వెళ్ళాలంటే 300 లీటర్లు పారబొయ్యాలి అనుకోండి. మొత్తం 400. పాతిక రోజులకి పది వేల లీటర్లు. ఇంటి వాడకంతో కలిపితే 26,200. ఉచితం గీత దాటి 6,200 లీటర్లు అవతల ఉన్నాం. ఆ ఎక్కువకి ఛార్జీ, దాని మీద సెస్.

పారబోసే ఆ నీళ్ళని ఊరికే వదలకండి. అవి మురికి నీళ్ళు కావు, ఉప్పు కాస్త ఎక్కువైన నీళ్ళు, అంతే. తాగకూడదు, మొక్కలకి రోజూ పొయ్యకూడదు. నేల తడిగుడ్డ పెట్టుకోవడానికి, మరుగుదొడ్డిలో పొయ్యడానికి, ఆ మురికి గుడ్డలు మొదటి విడత నానబెట్టడానికి చక్కగా పనికొస్తాయి. రోజుకి 200 లీటర్లు అలా వాడుకుని, ఆ మేరకు కుళాయి కట్టుకుంటే నెలకి 5,000 లీటర్లు తగ్గుతుంది. అప్పటికీ 21,200 అవుతుంది, గీత దగ్గరికి వస్తాం గానీ లోపలికి రాము. అందుకని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి బక్కెట్టు పద్ధతే మేలు. తెల్ల చుక్కల భయం ఉంటే చివరి విడత తుడవడానికి మాత్రం బోరు నీళ్ళు కాకుండా నది నీళ్ళు వచ్చే కుళాయిలోంచి పట్టుకోమని మనుషులకి చెప్పండి. నీళ్ళని అద్దం మీద ఆరనివ్వకుండా వెంటనే వైపరుతో లాగెయ్యాలి. చుక్కలు పడవు.

ఇంతవరకూ లీటర్ల లెక్క. ఇక కేటగిరీ మాట. ఇంట్లోంచి వ్యాపారం నడిపితే ఇల్లు వాణిజ్యం కింద పడిపోతుందా? మన దేశంలో చాలా మునిసిపల్ చట్టాల్లో ఒక వాక్యం ఉంటుంది. గృహావసరాల నీళ్ళంటే అందులో వర్తకానికీ, పరిశ్రమకీ, వ్యాపారానికీ వాడే నీళ్ళు చేరవు అని దాని భావం. ఈ మాట మనం కొత్తగా పుట్టించింది కాదు. 1863లో ఇంగ్లండులో చేసిన నీటి సరఫరా చట్టంలోనే ఇలాంటి వాక్యం ఉంది. అమ్మకానికో అద్దెకో ఉంచిన గుర్రాలకీ, బండ్లు కడగడానికీ, వ్యాపారానికీ వాడేది ఇంటి నీళ్ళ కిందికి రాదన్నారు. గుర్రపు బండ్లు పోయినా వాక్యం మిగిలింది.

ఆ వాక్యం మీద అక్కడ వ్యాజ్యాలు నడిచాయి. గ్రేట్ యార్మత్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఒక బస ఇల్లు ఉండేది. డబ్బు ఇచ్చి ఉండేవాళ్ళకి వంట చేసి పెట్టేవాళ్ళు. ఇది వ్యాపారం కాబట్టి ఇంటి రేటు కుదరదంది నీళ్ళ కంపెనీ. 1902 నాటి తీర్పులో కోర్టు ఏమన్నదంటే, వండడం, తాగడం, స్నానం, గిన్నెలు కడగడం స్వభావం చేత ఇంటి పనులే, చేసేవాళ్ళకి డబ్బు వచ్చినంత మాత్రాన వాటి స్వభావం మారదు అని. అంటే చూడవలసింది లాభం వస్తోందా అని కాదు, నీళ్ళని దేనికి వాడుతున్నారని. తరువాత అక్కడి చట్టాల్లో దీన్ని ఇంకా విడమరిచి రాశారు. 1991 చట్టం ప్రకారం తాగడం, కడుక్కోవడం, వండడం, ఇల్లు వెచ్చబెట్టడం, పారిశుద్ధ్యం గృహావసరాలు. బట్టలు ఉతికే లాండ్రీ వ్యాపారం కాదు. వండి బయటికి పంపే వ్యాపారమూ కాదు. క్యారేజీలు పంపే అక్కయ్యలు ఈ చివరి మాట వినండి!

అక్కడ కిటికీలు తుడవడం పెద్ద వృత్తి. వ్యానులో ట్యాంకు పెట్టుకుని, ఇంట్లో శుద్ధి చేసిన నీళ్ళు నింపుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. 2017 ఏప్రిల్‌లో ఇంగ్లండులో వ్యాపార సంస్థలకి నీళ్ళు అమ్మే విధానం మార్చినప్పుడు కూడా, ముఖ్యంగా కాపురానికే వాడుకునే ఇంటిని గృహం కిందే ఉంచారు. ఇంకొక సంగతి. అక్కడి కంపెనీలు మీటరులో వచ్చిన నీళ్ళలో నూటికి తొంభై పైచిలుకు డ్రైనేజీకి పోతాయని లెక్క వేస్తాయి. "మా నీళ్ళు వ్యానులో వెళ్ళి పరాయి వీధుల్లో పోతున్నాయి, మా డ్రైనేజీకి రావడం లేదు" అని రుజువు చూపిస్తే మురుగు ఛార్జీలో తగ్గింపు అడగవచ్చు. మన బిల్లులో సెస్ శాతంగా పడుతుంది కాబట్టి మనం క్యానుల్లో మోసుకుపోయిన నీళ్ళకి కూడా కడుతున్నాం. అందుకే వీలైనంత వరకు పని జరిగే ఇంటి నీళ్ళతోనే పని జరిపించుకోవడం న్యాయం. ఆ నీళ్ళు అక్కడే వస్తాయి, అక్కడే పోతాయి, వాళ్ళ బిల్లులోనే ఉంటాయి. బేరం మాట్లాడేటప్పుడే "రెండు బక్కెట్ల నీళ్ళు మీరే ఇవ్వాలండీ" అని చెప్పెయ్యండి. తరువాత మాట పట్టింపు ఉండదు.

లండను తీర్పు పట్టుకుని ఇక్కడి ఆఫీసులో వాదించమని నేను చెప్పడం లేదు. మన దగ్గర కేటగిరీ తేల్చేది వాటర్ బోర్డే. తనిఖీకి వచ్చినప్పుడు వాళ్ళ కంటికి ఏమి కనిపిస్తుందన్నదే ముఖ్యం. గుమ్మానికి పెద్ద బోర్డు, వాకిట్లో వెయ్యి లీటర్ల డ్రమ్ములు, కుళాయికి తగిలించిన గొట్టం, నలుగురు పనివాళ్ళు గుడ్డలు ఉతుకుతూ ఉంటే అది ఇల్లులా కనిపించదు. దాచమని కాదు నా ఉద్దేశం. దాచి దొరికితే అప్పటిదాకా వాడినదానికి తేడా కట్టమంటారు, పరువూ పోతుంది. పని మొదలుపెట్టక ముందే మీ సెక్షన్ ఆఫీసుకి ఒక ఉత్తరం రాయండి. ఇంటి నుంచి ఫలానా పని చేస్తున్నాం, ఇంట్లో వాడేది రోజుకి సుమారు ఇన్ని లీటర్లు, మా కేటగిరీ ఏమిటో తెలపండి అని. క్యాన్ నంబరు వెయ్యండి. నకలు మీద ముద్ర వేయించుకుని దాచుకోండి. ఫోనులో అడగాలంటే 155313 ఉంది గానీ, నోటిమాట కన్నా కాగితం మేలు. పని పెరిగి పెద్ద ఫిల్టరు, పెద్ద ట్యాంకు పెట్టే రోజు వస్తే ఆ పనికి వేరే చోటు చూసుకుని, అక్కడికి వాణిజ్య కనెక్షనే తీసుకోండి. అప్పుడు ఇంటికి వచ్చే ఉచితానికి ఢోకా ఉండదు.

అపార్ట్‌మెంటులో ఉన్నవాళ్ళకి ఇంకొక చిక్కు. అక్కడ చాలా చోట్ల భవనమంతటికీ కనెక్షన్ ఒకటే. బిల్లు ఫ్లాట్లవారీగా పంచుతారు. మీరు రోజూ పాతిక గుడ్డలు ఉతికితే పై ఫ్లాటావిడ, పక్క ఫ్లాటావిడ కూడా అందులో వాటా కడుతున్నట్టే. ఎండాకాలంలో ట్యాంకరు తెప్పించే రోజున ఆ మాట రానే వస్తుంది. "ఆవిడ వ్యాపారానికి మేమెందుకు కట్టాలి?" అంటే జవాబు ఏముంది? అందుకని మీ ఫ్లాటుకి వచ్చే గొట్టానికి చిన్న మీటరు పెట్టించుకోండి. ఫ్లాటులోకి ఒకటికి మించి గొట్టాలు వస్తుంటే గుడ్డలు ఉతికే కుళాయికి పెట్టించినా చాలు. నెలకి ఎంత అయిందో అసోసియేషన్ వాళ్ళకి రాసి ఇచ్చి, ఆ డబ్బు మీరే కట్టండి. ఇరుగుపొరుగు మంచిగా ఉండడం కన్నా వ్యాపారానికి పెద్ద పెట్టుబడి లేదు. మొదటి గిరాకీ వాళ్ళ దగ్గరి నుంచే కదా వచ్చేది!

ట్యాంకరు మాట వచ్చింది కనుక అదీ చూద్దాం. అయిదు వేల లీటర్ల ట్యాంకరుకి మీరు వెయ్యి రూపాయలు ఇచ్చారనుకోండి. వంద లీటర్ల ఖరీదు ఇరవై రూపాయలు. రోజుకి మూడు ఇళ్ళ పని చేస్తే ఇంటికి ఆరు రూపాయల డెబ్బై పైసల దాకా నీళ్ళకే పడింది. ఇది చిన్న మొత్తమే. కాని పాతిక రోజులకి అయిదు వందలు. ఆ అయిదు వందలు ఎవరు ఇస్తున్నారు? రేటులో వేసుకోకపోతే మీ ఇంటి ఖర్చులోంచి పోతోంది. నెలాఖరున ఇంట్లో "నీ వ్యాపారం వల్ల నీళ్ళ ఖర్చు పెరిగింది" అని అంటే, మీ దగ్గర లెక్క లేకపోతే ఆ మాటే నిలబడుతుంది. లెక్క ఉంటే, "అవును, అయిదు వందలు పెరిగింది, ఇదిగో పని డబ్బులోంచి ఇస్తున్నాను" అని ధీమాగా చెప్పగలరు.

మీటరు చూడడం బ్రహ్మవిద్య ఏమీ కాదు. చాలా మీటర్లలో నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్ర అంకెలు అంతకన్నా చిన్న లెక్క. పని ఉన్న రోజున గుడ్డలు నానబెట్టే ముందు ఒకసారి, అంతా అయ్యాక ఒకసారి అంకెలు రాసుకోండి. ఆ సేపు ఇంట్లో తక్కిన కుళాయిలు కట్టి ఉంచండి. మీటరు గొట్టం నీళ్ళు సంపులో పడి అక్కడి నుంచి పైకి ఎక్కే ఇళ్ళలో ఈ పద్ధతి కుదరదు. అక్కడ బక్కెట్లు లెక్కపెట్టుకోవడమే. ఒక వారం చేస్తే మీ పనికి సగటున ఎన్ని లీటర్లు పడుతుందో తేలిపోతుంది. ఇక రోజూ చూడనక్కర్లేదు. మీటరు ఆగిపోతే మాత్రం ఊరుకోకండి, ఉచితం దక్కాలంటే అది తిరుగుతూ ఉండాలి.

చివరగా డ్రైనేజీ గురించి ఒక హెచ్చరిక. మొండి మరకలకి యాసిడ్ వాడి, మిగిలింది మోరీలో పొయ్యకండి. యాసిడ్‌నీ, బ్లీచింగ్ పొడినీ ఎప్పుడూ కలపకండి. కలిస్తే వచ్చే వాయువు ఊపిరితిత్తులకి ప్రమాదం. గుడ్డలు ఉతికిన నీళ్ళు మోరీలోకి వదిలే చోట ఒక జాలీ పెట్టండి. దారప్పోగులు గొట్టంలో ఉండలు కడితే మురుగు పొంగి వచ్చేది మన వాకిట్లోకే.

ఒక పాత నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీసుకోండి. ఇంటి నీళ్ళు, పని నీళ్ళు, బిల్లు మొత్తం. నెలకి ఒక్కసారి నింపితే చాలు. మూడు నెలలు గడిచేసరికి మీ కష్టానికి దక్కింది ఎంతో, కుళాయిలోంచి పోయింది ఎంతో మీకే తెలుస్తుంది. రేటు చెప్పేటప్పుడు తడబాటు ఉండదు.